శనివారం సెలవు తీసుకునే వెలుగు

నాకు అనుమానమెక్కువ. పెళ్ళికి ముందు మా అమ్మ దాన్ని రోగమనేది. పెళ్ళయ్యాక సింగపూర్ దాన్ని ఉద్యోగమంది.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ లెక్క తప్పి కుప్పకూలిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. కోడు రాయగలిగినవాళ్ళనీ, రాయగలమని గట్టిగా చెప్పగలిగినవాళ్ళనీ కూడా విమానాల్లో తెచ్చి దింపుతున్నారు. మా ఆయన ప్రోగ్రాములు రాయడానికి వచ్చాడు. ఆయన వెనకాలే వచ్చిన నేను, ఆయనలాంటివాళ్ళు రాసినవాటిలో తప్పులు పట్టే టెస్టర్‌గా చేరాను. కాపురానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉంటుందనుకోను.

మా పనికి రెండు నియమాలు. ప్రోగ్రాము వాడినవాడు ఏం చూశానన్నాడో వాడి మాటల్లోనే రాసుకోవాలి, అందులో మన తెలివి కలపకూడదు. తర్వాత అదే తప్పు మళ్ళీ జరిగేలా చేసి కళ్ళారా చూడాలి. ఎంత ప్రయత్నించినా జరగకపోతే ‘మళ్ళీ రాలేదు’ అని రాసి కాగితం మూసెయ్యాలి. ఆ రెండు మాటలూ రాసినప్పుడల్లా అవతల ఒక మనిషిని అబద్ధాలకోరు కింద జమకడుతున్నామని నాకు ఆ ఏడు కార్తీకం దాకా తట్టలేదు.

మేం బుకిట్ బటోక్‌లో పన్నెండో అంతస్తులో, బ్లాకు చివర మూల ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. అక్కడి పాత ఫ్లాట్లన్నిటికీ వంటింటి కిటికీ బయట గోడకి ఇనప గొట్టాలుంటాయి. ఉతికిన బట్టలు పొడవాటి వెదురు గెడకి తొడిగి, గెడని చేతిమీద చెయ్యి వేసుకుంటూ బయటికి తోసి, మొదలు తెచ్చి ఆ గొట్టంలో దించాలి. తడిబట్టల బరువుతో అంత ఎత్తున గెడని గాల్లో నిలబెట్టడం మొదటి నెలంతా నాకు ప్రాణం మీదికి వచ్చినట్టుండేది. తర్వాత చెయ్యి తిరిగింది.

మామగారు పోయాక ఒంటరిగా ఉంటున్న మా అత్తగారు ఆ ఏడు శ్రావణంలో మా దగ్గరికి వచ్చారు. గోదావరి గట్టు మనిషి. గెడ పని రెండో రోజుకే నాకంటే బాగా పట్టుబడింది. పట్టుబడనిదల్లా మా బ్లాకు. చుట్టూ ఉన్నవన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు, ఒకే లిఫ్టు. ఒకరోజు కూరలకని కిందికి దిగి, తిరిగి ఇంకేదో బ్లాకు పన్నెండో అంతస్తు ఎక్కి తలుపు కొట్టారు. చైనా ఆవిడ తలుపు తీస్తే, “ఎవరమ్మా నువ్వు, మా ఇంట్లో ఏం చేస్తున్నావ్?” అని నిలదీశారట. ఆ ఆవిడే చెయ్యి పట్టుకుని మా గుమ్మం దాకా తెచ్చి దిగబెట్టింది. మేం రెండు రోజులు నవ్వుకున్నాం. మా అత్తగారు నవ్వలేదు.

దీపావళినాడు కారిడార్ పొడవునా ప్రమిదలు పెట్టారు. పక్కింటివాళ్ళ గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా అంచు అరచెయ్యంత కాలింది. పక్కింటివాళ్ళు ఏమీ అనలేదు గానీ మా ఆయన చాలా అన్నాడు.

“అమ్మా, ఇక్కడ ఒక్క గోడకి వందిళ్ళు వేలాడుతున్నాయి. ఇంకెప్పుడూ నిప్పు ముట్టుకోకు. దేవుడికి కరెంటు దీపం పెట్టాగా!”

“సరేలేరా,” అన్నారావిడ.

మా అత్తగారు ‘సరేలే’ అంటే ఒప్పుకున్నట్టు కాదనీ, మాట పెంచడం ఇష్టంలేదని మాత్రమే అర్థమనీ ఆ తర్వాత తెలిసింది.

దీపావళి వెళ్ళిన రెండో శనివారం, మా బ్లాకు కింద కాఫీషాపులో కూర్చుని మా ఆయనతో ఫోన్‌లో పోట్లాడుతున్నాను. బెండకాయలు ముదిరిపోయాయంటే ఆయన దొండకాయలు తెమ్మంటున్నాడు. నేను ఫోన్ పెట్టేసేదాకా ఆగి, పక్క టేబుల్ దగ్గర ఒంటరిగా కోపి తాగుతున్న పెద్దాయన తల తిప్పాడు.

“తెలుగోళ్ళేనా అమ్మా? మకాన్ అయ్యిందా?”

మకాన్ అంటే మలయ్ భాషలో తిండి, మిగతాదంతా తెలుగే. నేను నోరు వెళ్ళబెట్టాను. ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు ఎస్టేటుకి వచ్చాడట. ఈయన పుట్టింది ఆ ఎస్టేటులో, బతికింది సింగపూర్ రేవులో, ముప్పై ఏళ్ళు క్రేన్ నడుపుతూ. భార్య పోయింది. మా బ్లాకుకి అడ్డంగా కట్టిన పక్క బ్లాకులో, ఆరో అంతస్తులో ఒక్కడే ఉంటున్నాడు. ఆయన తెలుగులో అరవమూ, మలయూ, ఈ ఊరివాళ్ళు మాట చివర తగిలించే ‘లా’ కలగలిసి ఉన్నా, ఒక్క మాట కూడా నాకు అర్థంకాకుండా పోలేదు.

అవతలి టేబుల్ దగ్గర ముగ్గురు ముసలాళ్ళు ఈయన్ని చూసి, పైన తిరుగుతున్న ఫ్యానుకేసి వేళ్ళు చూపించి పగలబడి నవ్వుతున్నారు. ఎందుకని అడిగాను.

“నేను ఒక లైట్ చూసినానమ్మా,” అన్నాడాయన గొంతు తగ్గించి. “ఆకాశంలో. ఈళ్ళకి చెప్పడమే నా తప్పు. ఎగిరే పళ్ళెం అంటారు. నా కూతురు అయితే తల చెడిపోయిందంటాది.”

కూతురు ఊరికి ఆ చివర వుడ్‌ల్యాండ్స్‌లో ఉంటుంది. అంతకుముందు నెలలో ఈయన పొయ్యి మీద అన్నం పెట్టి మరిచిపోయాడు, గిన్నె మాడింది. ఇప్పుడేమో ఆకాశంలో దీపాలు. ఇంకొక్కసారి ఆ మాట ఎత్తితే ఫ్లాట్‌కి తాళం వేసి తన దగ్గరికి తీసుకుపోతానని చెప్పేసిందట.

“ఆ అమ్మి మంచిదే లా. కానీ అక్కడ నేను సోఫా మీద కూకుని టీవీ చూడాల. ఇక్కడ నా ఇల్లు, నా కోపి, నా ముగ్గురు వెధవలు,” అంటూ ఆ టేబుల్ వైపు చెయ్యి ఊపాడు.

ఎక్కడైనా ఒకడు చెప్పింది పదిమంది నమ్మడం లేదంటే నాకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. సంచీలోంచి కాగితం తీశాను. చెప్పండి అంకుల్, అన్నాను. ఆయన చెప్పింది ఇదీ.

“వచ్చిన దినమల్లా ఏడు కొట్టే ముందు వస్తాది. మూడు అంగల్లో వస్తాది, ఒకటి, రెండు, మూడు. ఆఖర్న ఒకసారి తల ఊపుతాది. అంతే, అక్కడే నిలబడతాది. అరగంట. ఎత్తు పన్నెండో అంతస్తు. దూరం నాలుగు పెట్టెలు.”

పెట్టె అంటే ఓడల మీద వచ్చే కంటెయినర్. రేవులో ఆయన కొలబద్ద అది. నేను ఏం రాసుకున్నానో సిగ్గుపడుతూ ఇక్కడ చెబుతున్నాను: “ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా కదిలి ఆగును. ఎత్తు తెలియదు. దూరం తెలియదు.” ఆకాశంలో ఉన్నదానికి పన్నెండో అంతస్తేమిటి, నాలుగు పెట్టెలేమిటి, పెద్దాయనకి చూపు తగ్గి దూరం దగ్గరగా కనిపిస్తోంది, అనుకున్నాను. మొదటి నియమాన్ని మొదటి నిమిషంలోనే చేజేతులా చెడగొట్టాను.

తర్వాత నా విద్యంతా ప్రదర్శించాను. విమానమా? విమానం అరగంట ఒకచోట నిలబడదు, కొట్టివేత. గురుగ్రహమా? ఆ రోజుల్లో సాయంత్రం తూర్పున దివ్యంగా వెలిగేది. కానీ అంకుల్‌కి ఆ వెలుగు జడివానలో కూడా కనిపించింది, కొట్టివేత. కట్టుబడి జరిగేచోట క్రేన్ మీద దీపమా? ఆ మాటకి ఆయన నన్ను జాలిగా చూశాడు.

“క్రేన్ దీపమో కాదో నాకు చెప్తావా తల్లీ?”

అదీ కొట్టివేత. గాలిపటానికి దీపం కట్టి ఎగరేస్తున్నారేమోనన్నాను. గాలి లేని రోజు కూడా వచ్చిందన్నాడు. ఇక మిగిలింది కళ్ళారా చూడటమే.

ఆ సాయంత్రమే ఆయన వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి మా బ్లాకు పక్కగోడ నిలువునా కనిపిస్తుంది, దాని అంచు దాటితే ఖాళీ ఆకాశం. వెలుగు అక్కడే వస్తుందన్నాడు. ఏడయింది. ఏడున్నర అయింది. ఒక గబ్బిలం వచ్చి వెళ్ళింది. పర్లేదు అంకుల్, వచ్చే శనివారం మళ్ళీ చూద్దామన్నాను. మామూలు రోజుల్లో నేను ఇల్లు చేరేసరికి ఎనిమిది, మా ఆయనకి తొమ్మిది. ఆ డిసెంబర్ ముంచుకొస్తుంటే మా ఇద్దరికీ శని, ఆదివారాలు తప్ప సాయంత్రాలనేవి లేవు.

ఇంట్లో ఈ సంగతి చెబితే మా అత్తగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నారు. నేను గ్రహాల గురించీ విమానాల గురించీ చెప్పాను మరి, ఆవిడకి ఇంకేం తడుతుంది?

“ఆఫీసు పని ఇంటికి తేకే అమ్మాయ్,” అన్నారు. “ఈ ఊళ్ళో ఆకాశంలో ఎగరందేముంది?”

ఆ తర్వాతి శనివారం అంకుల్ కూతురు కూడా వచ్చింది. నా వయసుదే, ఆఫీసు మనిషి, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబులు ఇంగ్లీషులోనే. ముగ్గురం కిటికీ దగ్గర నిలబడ్డాం. అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పెళ్ళిచూపులకి పిల్లని తెస్తారని ఎదురుచూసేవాళ్ళలాగా ఉన్నాం. ఏడయింది. ఏడుంబావు. ఏడున్నర. గబ్బిలం కూడా రాలేదు.

“పా, ఎనఫ్ లా,” అంది ఆ అమ్మాయి తండ్రితో. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది. తర్వాత నాకేసి తిరిగి, మీరు టెస్టర్ కదా, మీరేమంటారని ఇంగ్లీషులో అడిగింది.

అప్పుడు నేను నోరు మూసుకోవాల్సింది. వృత్తి గౌరవం అడ్డొచ్చింది. “రెండుసార్లు చూశాను. మళ్ళీ రాలేదు,” అన్నాను.

ఆ అమ్మాయి తల ఊపింది. వచ్చే శనివారం సాయంత్రం లారీ తెస్తాను, సామాను సర్దుకో పా, అని చెప్పి వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. సాయం చేస్తానని వచ్చి ఆయన ఇంటి మీదికి లారీ తెప్పించాను.

అంకుల్ గోడకున్న క్యాలెండర్ మేకు నుంచి తీసి నా చేతిలో పెట్టాడు. చైనా మందుల షాపువాళ్ళిచ్చిన పెద్ద గళ్ళ క్యాలెండర్. వెలుగు వచ్చిన ప్రతి రోజు గడిలోనూ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంది.

“నువ్వు కిటికీ చూసినావు. నేను రాసింది చూళ్ళేదు,” అన్నాడు. “చదువు తల్లీ.”

ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద ఆ క్యాలెండర్ పరుచుకుని కూర్చున్నాను. దీపావళి మర్నాటి నుంచి సున్నాలు వరసగా ఉన్నాయి, సోమవారం నుంచి శుక్రవారం దాకా. శనివారం లేదు, ఆదివారం లేదు. మళ్ళీ సోమవారం నుంచి శుక్రవారం దాకా. గ్రహాలకి శని, ఆదివారాలు సెలవుండదు. ఇది ఎవరో మనిషి చేస్తున్న పని.

ఒక్క బుధవారం మాత్రం లెక్కకి అందలేదు. మూడో వారంలో వారం మధ్యన ఒక గడి ఖాళీ. ఆ బుధవారం ఏమైంది? వాన లేదు, పండగ లేదు. క్యాలెండర్ తిరగేసి, బోర్లేసి, ఆఖరికి నా ఆఫీసు డైరీ తీశాను. బుధవారం: ‘జ్వరం. మూడు గంటలకి ఇంటికి.’

శని, ఆదివారాలు నేను ఇంట్లో ఉంటాను. ఆ బుధవారం కూడా ఇంట్లో ఉన్నాను. నేను ఇంట్లో ఉన్న ఏ రోజూ ఆ వెలుగు రాలేదు. మా పనిలో ఇలాంటివి ఉంటాయి, టెస్టర్ వచ్చి వెనక నిలబడితే బుద్ధిగా నడిచే ప్రోగ్రాములు. కానీ ఆకాశానికి నా రాకపోకలెలా తెలుస్తాయి?

వంటింట్లోంచి మా అత్తగారు, “ఏంటే, ఆదివారం పూట కూడా ఆ లెక్కలేంటి?” అని కేకేశారు. ఏం లేదండీ అన్నాను. అనుమానమే నా తిండి అయినా, అది నా వంటింటి వైపు మాత్రం ఒక్కసారి కూడా తిరగలేదు.

సోమవారం ఐదు గంటలకి సంచీ తీసుకుని లేచాను. మా మేనేజర్ కంగారుపడి, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగాడు. లేదు, ఒక తప్పు మళ్ళీ వస్తుందేమో చూడాలన్నాను. అంత నిజాయితీగా ఆ ఏడాది నేను సెలవడగలేదు. ఇంటికి వెళ్ళలేదు, తిన్నగా అంకుల్ ఫ్లాట్‌కి వెళ్ళాను. సగం సామాను అట్టపెట్టెల్లో ఉంది. కిటికీ దగ్గర ఇద్దరం నిలబడ్డాం. సన్నగా చినుకులు పడుతున్నాయి, ఆకాశం బూడిదరంగులోకి తిరిగింది.

ఏడుకి ఐదు నిమిషాలుందనగా మా బ్లాకు అంచు అవతల వెలుగొచ్చింది.

పసుపుపచ్చని చుక్క, గోడ చాటు నుంచి ఒక అంగ ముందుకి జరిగి ఆగింది. ఇంకో అంగ వేసి ఆగింది. మూడో అంగ. అప్పుడు కొంచెం కిందికి దిగి, లేచి, ఒకసారి తలాడించి, నిశ్చలంగా నిలబడింది.

ఆ నడక నాకు తెలుసు. రోజూ పొద్దున నేనే నడిపిస్తాను. ఒక తోపు, చెయ్యి మార్చు, ఇంకో తోపు, చెయ్యి మార్చు, మూడో తోపు, మొదలు తెచ్చి గొట్టంలో దించు. గొట్టంలో పడగానే గెడ అలాగే తలాడిస్తుంది. ఎప్పుడూ ఈ చివర నిలబడి తోసినదాన్నే గానీ ఆ చివర ఎలా ఉంటుందో ఏనాడూ చూడలేదు, అంతే తేడా. గబగబా కింద నుంచి అంతస్తులు లెక్కపెట్టాను. పన్నెండు. మూల ఫ్లాట్. పెద్దాయన ఎత్తు చెప్పాడు, దూరం చెప్పాడు, ఎన్ని అంగలో చెప్పాడు, చివరికి తలాడించడం కూడా చెప్పాడు. ఒక్క పొల్లుమాట లేదు. ‘తెలియదు’ అని రాసుకున్నది నేను.

“కనపడినాదా?” అన్నాడు గుసగుసగా.

“కనపడింది అంకుల్.”

“ఏంటది?”

ఒక్క క్షణం అబద్ధం చెబుదామనిపించింది. ఏదో తెలియని వెలుగు, నేనూ చూశానని సాక్ష్యం చెబితే ఈయన పరువు సగం నిలబడుతుంది, నా పరువు మొత్తం నిలబడుతుంది. కానీ సగం పరువుతో లారీ ఆగదు.

“అంకుల్,” అన్నాను, “అది మా అత్తగారు.”

ఆయన ఆ వెలుగుని చూశాడు. నన్ను చూశాడు. “మీ అత్తగారు ఎగురుతాదా?”

నవ్వు ఆపుకోలేక అట్టపెట్టె మీద కూలబడ్డాను. తర్వాత చెప్పాను. కార్తీకమాసంలో గుడి ధ్వజస్తంభానికి ఆకాశదీపం ఎత్తుతారని, మా అత్తగారు మా బట్టల గెడకి ఎత్తుతున్నారని. ఆయన నవ్వలేదు. కిటికీ ఊచ పట్టుకుని దీపంకేసి వంగాడు.

“మా అవ్వ పెట్టేది,” అన్నాడు. “ఎస్టేట్‌లో. పాలడబ్బాకి బొక్కలు పెట్టి, వెదురు మీద. ఆ డబ్బాలో నూనె నేనే పోసేవాణ్ణి. చూడు, నాకే గుర్తు రాలేదు.”

ఇంటికి వెళ్ళి నా తాళంతో తలుపు తీశాను. వంటింట్లో లైటు ఆర్పేసి ఉంది. కిటికీ దగ్గర చీకట్లో, గెడ మొదలు మీద చెయ్యి వేసి, పెదవులు కదుపుతూ మా అత్తగారు. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. బడిలో దొరికిపోయిన పిల్లలా మొహం మాత్రం పక్కకి తిప్పుకున్నారు.

“ఎన్నాళ్ళనుంచి అత్తయ్యగారూ?”

“నెల మొదలైన కాణ్ణుంచీ.”

“ఆయన నిప్పు వద్దన్నారు కదండీ. దేవుడి దగ్గర పెట్టుకున్నా కొంత నయం, కిటికీ బయటా?”

“బానే ఉంది, ఆకాశదీపం ఇంట్లో పెట్టుకుంటారటే ఎవరైనా?”

నేను ఫోన్ చేసి తొందరగా రమ్మంటే మా ఆయన వచ్చాడు. రాగానే వాళ్ళమ్మ మీద ఎగిరాడు. గాలికి డబ్బా ఊడి కిందపడితే ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించావా అన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే. ఆవిడ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. పాలపొడి డబ్బా, చుట్టూ మేకుతో పొడిచిన సన్నని బెజ్జాలు, మూడు వైపులా తీగ కట్టి ఉంది. చేతకాని మనిషి చేసిన పని కాదు.

“ఎవరికోసమమ్మా ఇదంతా?” అన్నాడు మా ఆయన విసుగ్గా.

“మీ నాన్నకోసంరా,” అన్నారావిడ. “అక్కడైతే గోదావరి గట్టు, గుడి గోపురం, ఆయన ఎరిగిన తోవ. ఇక్కడ చూస్తే బ్లాకులన్నీ ఒక్కలాగే ఏడిశాయి. పట్టపగలు నాకే ఇల్లు తెలీక ఎవరింటికో పోయా. చీకట్లో ఆయనకి మనిల్లు ఏదో ఎలా తెలుస్తుందిరా?”

మా ఆయన డబ్బాని చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కో బెజ్జం మీదా వేలు పెట్టి చూశాడు. ఆవిడ తోవ తప్పినరోజు రెండు రోజులపాటు నవ్వినవాళ్ళం మేమే.

ఆ శనివారం ఆరున్నరకి లారీ వచ్చి అంకుల్ బ్లాకు కింద ఆగింది. వంటింటి కిటికీ దగ్గర మాత్రం చోటు లేదు. కాఫీషాపు మిత్రులు ముగ్గుర్నీ అంకుల్ పట్టుబట్టి రప్పించాడు. కూతురు గోడకి ఆనుకుని గడియారం చూసుకుంటోంది. నేను చెప్పేయబోతే అంకుల్ ఆపాడు.

“నువ్వు చెప్పకు. వాళ్ళ కళ్ళు చెప్పాల.”

మా ఇంట్లో ఏర్పాట్లు పక్కాగా చేసి వచ్చాను. మా ఆయన డబ్బాకి రెండు వరసల తీగ బిగించాడు, నైలాన్ తాడు గెడకి ముడేశాడు, కిటికీ కింద నీళ్ళ బకెట్ పెట్టాడు. కానీ ఐదున్నర నుంచి వాన మొదలైంది. ఏడయింది. వెలుగు లేదు. ముసలాళ్ళలో ఒకాయన అలవాటుగా ఫ్యాను కోసం పైకి చూశాడు. ఏడూ ఐదు. వత్తి తడిసిందా? మా ఆయనకి చివరి క్షణంలో మళ్ళీ భయం పుట్టిందా? కూతురు గోడ వదిలి ముందుకి వచ్చి, “పా...” అంది. ఇంతదాకా వచ్చి ఈ మూడో శనివారం కూడా రాకపోతే నేను ఈ పెద్దాయన మొహం చూడలేను.

అంకుల్ మాత్రం కదల్లేదు. కుడిచెయ్యి పైకెత్తి, చూపుడువేలు చిన్నగా తిప్పుతున్నాడు. రేవులో క్రేన్‌కి ఎత్తమని చెప్పే సైగ అది.

గోడ అంచు అవతల పసుపుపచ్చని చుక్క పుట్టింది.

“ఒకటి,” అన్నాడు అంకుల్.

చుక్క ఆగింది. ఆయన వేలు ఆగలేదు.

“రెండు.”

ముసలాళ్ళు ముగ్గురూ కిటికీ మీద పడ్డారు.

“మూడు.” వెలుగు మూడో అంగ వేసింది, దిగింది, తలాడించింది. అంకుల్ అరచెయ్యి చాచి అడ్డంగా పట్టాడు. ఆగమని. అది ఆగింది. ముప్పై ఏళ్ళపాటు ఓడల మీద పెట్టెల్ని నిలబెట్టినట్టే, ఆ వానలో, పన్నెండో అంతస్తు ఎత్తున, మా మామగారి దీపాన్ని నిలబెట్టాడు.

గదిలో ఒక్కసారిగా కేకలు లేచాయి. ముసలాళ్ళు బల్ల చరిచారు, ఆయన వీపు చరిచారు, వాళ్ళ చైనా భాష హొక్కియెన్‌లో ఏవేవో అరిచారు. నాకు ఒక్క ముక్క అర్థంకాలేదు గానీ నేనూ అరిచాను. అంకుల్ ఎవరికేసీ చూడలేదు. ఆ దీపాన్నే చూస్తూ, “సీ ఆర్ నాట్? సీ ఆర్ నాట్?” అంటున్నాడు, చూశారా లేదా అని, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడు చెప్పాను, అది ఏమిటో, ఎవరిదో, ఎవరికోసమో. అంకుల్ కూతురు ఆ వెలుగుకేసి చూసింది. పన్నెండో అంతస్తు అని నాన్న ముందే చెప్పారా అని నన్ను అడిగింది. మొదటి రోజే చెప్పారు, నేనే రాసుకోలేదన్నాను. “మళ్ళీ వచ్చింది. ఆ మాట కూడా నేనే చెప్పాలి కదా,” అన్నాను. ఆ అమ్మాయి మెట్లు దిగి వెళ్ళి లారీవాడితో ఏదో మాట్లాడింది. లారీ ఖాళీగా వెనక్కి తిరిగి రోడ్డెక్కడం కిటికీలోంచి అందరం చూశాం. ముసలాళ్ళు అడక్కుండానే అట్టపెట్టెలు విప్పడం మొదలుపెట్టారు. విప్పి ఏది ఎక్కడ పెట్టాలో తెలియక అన్నీ సోఫా మీద పోశారు.

క్యాలెండర్‌ని నేను తిరిగి తెచ్చాను. అంకుల్ దాన్ని మేకుకి తగిలించి, ఎర్రసిరా పెన్ను తీసి, శనివారం గడి దగ్గర ఆగాడు. కూతురు పైకి వచ్చి వాకిట్లో నిలబడి ఉంది, తలంతా వానకి తడిసి.

“సారీ, పా,” అంది.

ఆయన పెన్ను ఆమె చేతికిచ్చాడు. ఆ శనివారం చుట్టూ సున్నా ఆ అమ్మాయే చుట్టింది.